అట్ల పెనం మీద తవుడు

పక్షవాతం వచ్చి తగ్గాక మా నాన్నగారికి మిగిలింది ఒకే ఒక్క మాట. "అదేనండీ."

ఆ సంగతి మా చుట్టాలకి చాన్నాళ్ళు తెలియలేదంటే బయటివాళ్ళు నమ్మరు. మా వైపు మర్యాద అలాంటిది మరి. ఏలూరు ఆసుపత్రి నుంచి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి తీసుకొచ్చాక రోజూ ఎవరో ఒకరు పలకరించడానికి వచ్చేవారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎండలు మరీ మండిపోతున్నాయండీ ఈ ఏడు" అనేవారు. నాన్నగారు "అదేనండీ" అనేవారు. "రొయ్యలకి వెళ్ళినోళ్ళంతా మళ్ళీ చేపకే వస్తున్నారండీ." "అదేనండీ." "మీకేం పర్లేదండీ, చెరువు గట్ల మీద తిరిగిన ఒళ్ళు." "అదేనండీ." అలా అరగంట కబుర్లు చెప్పి, కాఫీ తాగి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అమ్మని పక్కకి పిలిచి, "మాట పోయిందన్నారు గానీ, శుభ్రంగా మాట్లాడుతున్నారు కదండీ!" అని వెళ్ళేవారు. మా దేశంలో ఆ ఒక్క మాట ఉంటే పెళ్ళి సంబంధం కూడా కుదిర్చేయొచ్చని నాకప్పుడే తెలిసింది.

ఆ మాటే అమ్మతోనూ, నాతోనూ, కిటికీలోంచి తొంగిచూసే పిల్లితోనూ. "పెళ్ళయిన కాడి నుంచి నన్ను ఏమేవ్ అనడమే గానీ ఒక్కసారైనా అండీ అన్న పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, ఎంత మర్యాదో!" అని అమ్మ నవ్వేది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళిపోయేది. అక్కడ నవ్వేది కాదని నాకు తెలుసు.

నిజానికి మా ఇంట్లో మాట అంటే నాన్నగారిదే. మండవల్లి దాటాక కొల్లేటి ఒడ్డున మా చేపల చెరువులు. పడవ మీద మేత సంచులు కట్టడానికి వెళ్ళినా, కట్టి తిరిగొచ్చినా ఆయన నోరు ఊరుకునేది కాదు. అందరికీ పేర్లు పెట్టేవారు. అమ్మకి కోపం వస్తే బుగ్గలు పొంగుతాయని ఆవిడని గూడబాతు అనేవారు. కొల్లేటికి వచ్చే ఆ పక్షి ముక్కు కింద సంచీలా వేలాడుతుంది కదా, అదీ పోలిక. అమ్మ ఉడుక్కునేది, బుగ్గలు ఇంకా పొంగేవి, ఆయనకి ఇంకా సరదా.

ఏలూరులో మాట నేర్పే అమ్మాయి దగ్గరికి వారం వారం తీసుకెళ్ళేవాళ్ళం. ఆ అమ్మాయి నాకు గట్టిగా చెప్పింది రెండు సంగతులు. ఆయనకి బొమ్మలు చూపించి మాట్లాడించండి, మాటలు అందకపోయినా బొమ్మలు అందుతాయి అని ఒకటి. ఆయన మాట మీరు పూర్తి చెయ్యకండి అని రెండోది. మొదటిది వినగానే నాకు హుషారొచ్చింది. రెండోది ఆ హుషారులో కొట్టుకుపోయింది.

ఎందుకంటే బొమ్మలు నాకు తిండి పెట్టే పని. గూడెంలో ఒక ఫ్లెక్సీలు వేసే షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళివారికీ, ఓణీల ఫంక్షన్లకీ బ్యానర్లు చేస్తాను. మేనమామల తలకాయలు వరసగా పేర్చడంలో నాకు మంచి పేరుంది. అందుకని నాన్నగారి కబుర్లన్నీ ఒక బొమ్మల కథగా గీసి ఇంటర్నెట్‌లో పెడదామనుకున్నాను. ఫోన్‌లో వేలితో పైకి జరుపుకుంటూ చదువుకునే వెబ్ కామిక్. ఆయన రోజూ చూసుకుంటారు, ఏదో ఒక బొమ్మ దగ్గర ఆయన మాట ఆయనకి దొరుకుతుంది. అది నా ఆశ. ఆ గొంతులోంచి నన్ను ఆటపట్టించే ఒక్క మాట మళ్ళీ వినకపోతే నాకు తోచేలా లేదు.

మరి ఏంతో గీయాలి? ఇక్కడే నా తిప్పలన్నీ.

ముందు కంప్యూటర్‌కి తగిలించే డ్రాయింగ్ ట్యాబ్లెట్ తెప్పించాను. చెయ్యి బల్ల మీద కదులుతుంటే గీత ఎక్కడో తెర మీద పడుతుంది. అలవాటయ్యాక గీతలు నున్నగా వచ్చాయి. మరీ నున్నగా వచ్చాయి. నాన్నగారు ఇన్సూరెన్సు ప్రకటనలో తాతగారిలా తయారయ్యారు, చెరువు ఈతకొలనులా తయారైంది. ఆయన వాటిని చూసి మర్యాదగా "అదేనండీ" అన్నారు.

తరవాత నీటిరంగులు. కొల్లేటిని నీటిరంగుల్లో కాక ఇంకెందులో గీస్తారు అని నాకు నేనే చెప్పుకున్నాను. పొద్దున్నే పొగమంచులో గుర్రపుడెక్క ఆకుపచ్చ, దూరంగా గట్టు, పడవ నీడ, అన్నీ ముచ్చటగా కుదిరాయి. కానీ ఒక పేజీ ఆరేసరికి నా ఆదివారం అయిపోయేది. మా ఉక్కకి కాగితం అప్పడంలా వంకర్లు పోయేది. దాన్ని స్కాన్ చేసి ఫోన్‌లో చూస్తే ఆకుపచ్చ కాస్తా పాచి రంగు. ఈ లెక్కన నాన్నగారి పెళ్ళి దాకా వచ్చేసరికి నాకు షష్టిపూర్తి అవుతుందని మానేశాను.

అప్పుడు ఫోటోలతో చేద్దామన్న బుద్ధి పుట్టింది. మనుషులు ఉండనే ఉన్నారు, చెరువు ఉండనే ఉంది, ఫోటోలు తీసి పైన మాటల బుడగలు పెడితే సరి. నాన్నగారి వేషం బాబాయి వేస్తానన్నాడు. ఆయన తమ్ముడు, ఇప్పుడు చెరువులు చూస్తున్నది తనే, పోలికలు కూడా ఉన్నాయి. "మామూలుగా ఎలా ఉంటారో అలా ఉండండి బాబాయ్, పనిలో ఉన్నట్టు" అని ఫోన్‌లో మరీ మరీ చెప్పాను. నేను వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళజోడు, మెళ్ళో గొలుసుతో పడవలో నిటారుగా నిలబడి ఉన్నాడు. అమ్మ వేషం వెయ్యమన్న పిన్ని పట్టుచీర కట్టి, పూలు పెట్టుకుని మేత సంచీ పట్టుకుంది. "మామూలు చీర కట్టుకోమన్నాను కదా పిన్నీ!" అంటే, "ఫోటోకమ్మా! పదిమందీ చూసేది! మీ పిన్నికి చీరల్లేవనుకోరూ?" అంది. మా వాళ్ళని కెమెరా ముందు మామూలుగా ఉండమనడం కంటే చేపని గట్టు మీద నడవమనడం నయం. ఆ ఫోటోలన్నీ కలిపితే మళ్ళీ నా షాపు ఫ్లెక్సీయే అయింది. బాబాయి ఒకటి ఇంటికి ఫ్రేమ్ కట్టించుకున్నాడు.

ఇక చివరికి నల్ల ఇంకు, తెల్ల కాగితం. ఇది కుదిరింది. రంగు గొడవ లేదు, ఫోన్‌లో స్పష్టంగా కనపడుతుంది, ఒక రాత్రి కూర్చుంటే నాలుగు బొమ్మలవుతాయి. మొదటి భాగం గీశాను. నాన్నగారు మంచం మీద, అమ్మ చేతిలో జావ గ్లాసు, చుట్టూ చుట్టాలు. నాన్నగారి మాటల బుడగల్లో, పాపం, అన్నీ నేనే రాశాను. ఆయనైతే ఇలా అంటారు కదా అని ఒక్కొక్కరి మీదా ఒక్కో చెణుకు. పెట్టిన సాయంత్రానికే తెలిసినవాళ్ళంతా ఫోన్లు. "అచ్చం మీ నాన్నగారే అన్నట్టుందండీ!" నేను ఎగురుకుంటూ తీసుకెళ్ళి ఆయనకి చూపించాను.

కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని చూశారు. తన బొమ్మ గుర్తుపట్టారు. బుడగ మీద వేలు పెట్టి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. మళ్ళీ ఇంకో బుడగ మీద వేలు పెట్టారు, మళ్ళీ అడ్డంగా ఊపారు. ఫోన్ దుప్పటి మీద బోర్లా పెట్టేసి గోడ వైపు తిరిగారు.

నాకు ముందు కోపమొచ్చింది. ఇంత కష్టపడితే ఇదా అనిపించింది. కోపం చల్లారాక ఏలూరు అమ్మాయి చెప్పిన రెండోది గుర్తొచ్చింది, ఆయన మాట మీరు పూర్తి చెయ్యకండి అని. చుట్టాలు అరగంట చేసే పనినే నేను ఇంకుతో చేశానన్నమాట. అయితే మరి ఆ బుడగ ఆయనే నింపాలి. ఏంతో నింపుతారు? పెన్సిలిస్తే ఎడమ చేతిలో జారిపోయేది. పలకిస్తే అక్షరానికి బదులు గీతలు పడేవి. ఆ వంకర గీతలు అలా పలక మీద మిగిలిపోవడం చూసి ఆయనకి సిగ్గనిపించేదేమో, మోచేత్తో పక్కకి నెట్టేసేవారు.

ఆ ఆదివారం ఆయన్ని చెరువుల దగ్గరికి తీసుకెళ్ళాం. బొమ్మల కోసం కాదు, గోడలు చూసి చూసి విసిగిపోయి ఉంటారని. షెడ్డు ముందు నల్ల టార్పాలిన్ పరిచి బాబాయి మేత కలుపుతున్నాడు. మా చెరువుల మేత ఏమంత గొప్పది కాదు, తవుడూ, కాస్త చెక్కపిండీ. అది చిల్లుల సంచుల్లో పోసి, చెరువులో పాతిన గెడలకి నీళ్ళలోకి వేలాడేలా కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. మధ్యాహ్నానికి సంచీ చప్పబడి గెడకి అతుక్కుంటే చేపలు ఆకలి మీదున్నాయని, బరువుగా అలాగే ఉంటే నీళ్ళలో ఏదో తేడా అని లెక్క. "మనిషి చెప్పకపోయినా సంచీ చెబుతుందమ్మా" అని నాన్నగారు నా చిన్నప్పటి నుంచీ అనేవారు.

కుర్చీ టార్పాలిన్ పక్కన వేశాం. ఆయన కాసేపు చూసి, ముందుకు వంగి, ఎడమ చెయ్యి తవుడులో పెట్టారు. పడిపోతారేమోనని నేను భుజం పట్టుకున్నాను. వేలితో ఒక గీత లాగారు. తవుడు తొలిగి, కింద నల్లగా గీత పడింది. దాని పక్కన ఇంకోటి, వాటికి అడ్డంగా ఒక చిన్న గీత. బాబాయి పార ఆపి, తల పక్కకి వంచి చూశాడు.

"మన పెద్ద చెరువు గట్టు కదా అన్నయ్యా? ఇది తూము?"

నాన్నగారు అరచేత్తో టార్పాలిన్ మీద ఒక్కటి చరిచారు. తవుడు మా అందరి మీదా పడింది. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి చాలా రోజులైంది. అంతలోనే గట్టు మొత్తం అరచేత్తో చెరిపేసి, మళ్ళీ మొదలెట్టారు. తప్పు పోయినా పర్వాలేదు, చెరిపితే చెరిగిపోతుంది. నాకు కావలసిన సాధనం ట్యాబ్లెట్టూ కాదు, ఇంకూ కాదు. బాబాయిని అడిగి సంచీడు తవుడు కారు డిక్కీలో వేయించుకున్నాను. చెక్కపిండి కలపనిదే ఇచ్చాడు. దాంతోపాటు ఎప్పటిలాగే ఒక బొచ్చె చేప కూడా కవర్లో పెట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక తవుడు కింద ఏదైనా నల్లగా, వెడల్పుగా ఉండాలి. వంటిల్లంతా వెతికితే అమ్మ పాత అట్ల పెనం దొరికింది, ఇనుపది. నాన్‌స్టిక్ వచ్చాక దాని మొహం ఎవరూ చూడలేదు. కడిగి, దాని మీద తవుడు పల్చగా జల్లాను.

"అట్లు పోసుకునే పెనం మీద చేపల మేత పోస్తావా?" అని అమ్మ బుగ్గలు పొంగాయి.

"వెబ్ కామిక్కమ్మా" అన్నాను.

"ఏ కామిక్కైనా పెనానికి మర్యాదుండొద్దూ!"

వేలితో గీస్తే నల్ల గీత, చుట్టూ లేత గోధుమ రంగు. కిటికీ పక్కన పెట్టి పైనుంచి ఫోన్‌తో ఫోటో తీస్తే, నీటిరంగుల్లో రాని వెచ్చదనం అందులో ఉంది. చట్రం గుండ్రంగా వస్తుంది, వస్తే రానీ. తప్పు గీస్తే పెనాన్ని ఒక్కసారి కుదిపితే చాలు. ఒక్కటే ఇబ్బంది, ఫ్యాన్ వెయ్యకూడదు. గూడెంలో ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా కూర్చోవడమంటే ఏంటో మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చెమటలు కక్కుతూ గీశాను.

ముందుగా, రోజూ ఇంట్లో జరిగేదే బొమ్మగా గీశాను. కుర్చీలో నాన్నగారు, ఎదురుగా గరిటెతో అమ్మ. ఆవిడ బుడగలో మాట తెలిసిందే, కంప్యూటర్‌లో తరవాత పెట్టుకోవచ్చు. "ఇంక చాలాండీ?" అని రోజూ అడుగుతుంది. నాన్నగారి బుడగ ఖాళీగా వదిలాను. పెనం తీసుకెళ్ళి ఆయన ముందు స్టూలు మీద పెట్టి, ఖాళీ బుడగ చూపించి, "ఇక్కడ మీరేమంటారు నాన్నగారూ?" అన్నాను.

ఆ తరవాత నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని లేదు. అమ్మ గుమ్మంలోంచి "ఏమంటారే, చాలంటారు" అనబోతే చెయ్యెత్తి ఆపాను. చెమట ఆయన కణతల మీంచి కారుతోంది. వేలు బుడగ మీదికి వచ్చి ఆగింది, వెనక్కెళ్ళింది, మళ్ళీ వచ్చింది. నిలువుగా ఒక గీత. ఆ గీతని అంటుకుని, పైనుంచి కిందికి, సన్నగా ఇంకేదో.

"జెండానా నాన్నగారూ?"

"అదేనండీ!" అన్నారు, పళ్ళు బిగించి. అంటే కాదని అర్థం.

"చెట్టా?"

"అదేనండీ!" ఈసారి స్టూలు కదిలింది.

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. వంగి చూసింది. పెళ్ళయి కాపురానికొచ్చిన కొత్తలో ఆయనతో పడవెక్కి సంచులు కట్టిన మనిషి. ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు.

"గెడ" అంది. "గెడకి సంచీ. చప్పబడిపోయిన సంచీ."

ఆయన వైపు చూసింది. "ఏవండీ... ఆకలేస్తోందా మీకు?"

నాన్నగారు ఎడమ చేత్తో కుర్చీ చేతిని చరిచారు. చరుస్తూనే ఉన్నారు.

మాకప్పుడు అర్థమైంది. ఆసుపత్రిలో చెప్పిన పథ్యం అమ్మ అక్షరాలా పాటించింది. జావ, మెత్తటి అన్నం, ఉప్పు సగం. తరవాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, ముళ్ళు తీసి చేప కూడా పెట్టొచ్చని డాక్టరు చెప్పినా అమ్మకి భయం తీరలేదు. ఎక్కడ పొలమారుతుందోనని గుప్పెడే పెట్టి, "ఇంక చాలాండీ?" అని అడిగేది. ఆయన "అదేనండీ" అనేవారు. ఆవిడ కంచం తీసేసేది. బాబాయి ఇచ్చిన బొచ్చెలన్నీ మేమే, ఆయనకి వాసన తగలకుండా వంటింటి తలుపేసుకుని తిన్నాం. ఇన్నాళ్ళూ ఆ మనిషి మర్యాదగా పస్తున్నారు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, చెరువు నుంచి తెచ్చిన బొచ్చె బయటికి తీసి పొయ్యి వెలిగించింది. పులుసు మరిగేలోపు ఇల్లంతా చింతపండు వాసన. పొట్టవైపు ముక్కలు తీసి, ఒక్కో ముల్లూ వేలితో తడిమి తీసి, అన్నంలో మెత్తగా కలిపింది. ముద్ద నోటికి అందించబోతే ఆయన ఆవిడ చెయ్యి పక్కకి తోసి, ఎడమ చేత్తో తనే తిన్నారు. మీసానికి అంటింది, చొక్కా మీద పడింది. ఎవరూ తుడవలేదు. "నిదానంగా తినండి, నిదానంగా" అని అమ్మ పక్కనే నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. మారు వడ్డించినప్పుడు మాత్రం "ఇంక చాలాండీ?" అని అడగలేదు.

చెయ్యి కడిగించాక ఆయన పెనం వైపు చూపించారు. నేను కుదిపి, తవుడు సర్ది, మళ్ళీ అదే బొమ్మ గీసిచ్చాను. ఖాళీ బుడగ. ఈసారి వేలు తడుముకోలేదు. ఒక గుండ్రం, దానికి పొడుగాటి ముక్కు, ముక్కు కింద పొంగిన సంచీ.

అమ్మ చూసింది. బుగ్గలు పొంగాయి. "నన్నే! తిన్నది అరగనైనా లేదు, నన్నే!" అంది. "మాట పడిపోయినా ఈయన నోరు మాత్రం పడిపోలేదే అమ్మాయ్!"

నాన్నగారు నవ్వుతున్నారు. మూతి ఒకవైపే లేస్తుంది కానీ నవ్వు మొత్తం ఉంది. నేను ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తితే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండవే, నేనింకా జవాబు చెప్పలేదు."

బొమ్మలు రావని జీవితమంతా చెప్పుకున్న మనిషి, స్టూలు ముందు చతికిలబడి, తన బుడగలో వేలు పెట్టింది. ఒక గెడ గీసింది. గెడకి సంచీ గీసింది, బుడగ పట్టనంత లావుగా, నిండుగా. "నిండిందా మరి?" అంది తలెత్తి.

"అదేనండీ" అన్నారు నాన్నగారు.

"గూడబాతుని పట్టుకుని మళ్ళీ అండీ ఏంటండీ!" అంటూ లేచింది. లేస్తూ ఆయన నుదుటి మీద చెమట చూసింది. "అయ్యో, ఎంత ఉక్కపోస్తోందో పాపం" అని, నేను వద్దనేలోపే వెళ్ళి ఫ్యాన్ వేసేసింది.

తవుడంతా లేచి మా జుట్లలో పడింది. గూడబాతూ పోయింది, నిండు సంచీ పోయింది, ఫోటో లేదు. నేను నెత్తి పట్టుకున్నాను. నాన్నగారు మాత్రం ఎడమ చెయ్యి చాచి, ఖాళీ పెనాన్ని తన ఒళ్ళోకి లాక్కుని, ఇంకాస్త తవుడు పొయ్యమని నాకు సైగ చేశారు.